చిన్న షంటింగు ఇంజనుకు క్రొత్త చక్రములు

మన పాఠశాల విజ్ఞానశాస్త్రపు బీరువాలో ఒక నమూనా డీజిలు షంటింగు ఇంజను కలదు. అది బ్రిటిషు రైల్వేల 08 తరగతి ఇంజనులో సుమారు 76వ వంతు పరిమాణము గలది. దాని చక్రములపై పూత అరిగి, పట్టాల చీలికలవద్ద మాటిమాటికి ఆగిపోవుచున్నందున, పారవేసి క్రొత్తది కొనుట మేలని కొందరు తల్లిదండ్రులు సూచించిరి. మేము చక్రములను మాత్రమే మార్ప నిశ్చయించితిమి. ఎనిమిదవ తరగతి పిల్లలు చేయబోవు ఈ పనిలో గణితము, విద్యుత్తు, యంత్రశాస్త్రము మూడును కలిసియున్నవి గనుక, ఇంటివద్ద వారికి తోడ్పడు పెద్దలకొరకు ఈ పాఠమును వ్రాయుచున్నాము.

యార్డులలో పెట్టెలను ఒక దారినుండి మరియొక దారికి మార్చి, బండిని కూర్చు ఇంజను షంటింగు ఇంజను. దానికి వేగముతో పనిలేదు. మెల్లగా కదలి, గట్టిగా లాగి, నిలువవలసినచోట నిలిచిన చాలును. (అంగళ్లలో వేగముగా పరుగిడు బొమ్మలకే గిరాకి ఎక్కువ. మాకు మాత్రము ఈ నిదానపు ఇంజనే పాఠమునకు ఎక్కువ అక్కరకు వచ్చినది.) బ్రిటనులో 1952 మొదలు 1962 వరకు 08 తరగతి ఇంజనులు 996 నిర్మింపబడినవి. మన చిత్తరంజన్ కర్మాగారమున తయారైన డబ్ల్యూ.డి.ఎస్.4 ఇంజనుకును దీనివలెనే ఆరు చక్రములు, వానిని వెలుపలినుండి కలుపు కడ్డీలు కలవు.

పిల్లలకు మొదట చెప్పవలసినది ఎద్దుబండి చక్రమునకును రైలు చక్రమునకును గల భేదము. ఎద్దుబండి ఇరుసు తిరుగదు; చక్రమే ఇరుసుపై తిరుగును; అది ఊడిపోకుండ చీల పెట్టుదురు. రైలులోనో, రెండు చక్రములును ఇరుసునకు బిగింపబడి దానితోకూడ తిరుగును. మలుపులో వెలుపలి పట్టా పొడవు, లోపలిది పొట్టి. బండిచక్రములు వేటికవి తిరుగును గనుక వానికి చిక్కులేదు. ఒకే ఇరుసునకు బిగిసిన చక్రములు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు జవాబు చక్రపు ఆకారములోనే యున్నది. పట్టాపై ఆను భాగము సమముగా నుండక, 20కి 1 చొప్పున వాలుగా నుండును. లోపలివైపు వ్యాసము ఎక్కువ, వెలుపలివైపు తక్కువ. మలుపులో ఇరుసు వెలుపలికి జరుగగా, వెలుపలి చక్రము తన పెద్ద వ్యాసముపైనను, లోపలిది తన చిన్న వ్యాసముపైనను దొర్లును. లోపలి అంచున లేచియున్న గట్టు, చక్రము మరీ తొలగినప్పుడు మాత్రమే అడ్డుపడు కాపలాదారు.

దీనిని ఇంటిలోనే చూపవచ్చును. రెండు కాగితపు గ్లాసులను మూతులు కలిపి అంటించి, సమాంతరముగా వాలుగానుంచిన రెండు కఱ్ఱలపై దొర్లింపుడు. కొంచెము ప్రక్కకు పోయినను మరల నడిమికి వచ్చును. అడుగులు కలిపి అంటించినచో కొద్ది దూరములోనే పడిపోవును.

యంత్రముల సంగతి తెలుగులో చెప్పినచో పిల్లలు పైచదువులలో వెనుకబడుదురేమోయని కొందరు మమ్ము అడుగుచుందురు. ఈ భయమును మేము తేలికగా త్రోసిపుచ్చుట లేదు. ఈ ఊరిలో ఆ భయముతోనే పిల్లలను మా తరగతులనుండి మాన్పించినవారు కలరు. అయినను ఇరుసు, చీల, ఆకు, కుండ అను మాటలు తాతగారి బండినుండి వచ్చినవి. వానితో కారణము గ్రహించిన బాలునకు ఆంగ్లపు పేరు నేర్చుట ఒక పూట పని. కారణము తెలియక పేరు మాత్రము వల్లించినవానికి ఆ పేరు ఎందుకును కొఱగాదు.

ఈ పాఠమునకు బెంగుళూరును మించిన తావు లేదనవచ్చును. యెలహంకలో భారతీయ రైల్వేల చక్రముల కర్మాగారము 1984 నుండి పనిచేయుచున్నది. అరిగిన పాత చక్రములు మొదలైన ఉక్కుతుక్కును విద్యుత్కొలిమిలో కరగించి, ఆ ద్రవమును ఒత్తిడితో క్రిందినుండి పైకి గ్రాఫైటు అచ్చులలోనికి ఎక్కించి చక్రములను పోయుదురు. ఇరుసులను మాత్రము సాగగొట్టి చేయుదురు. పాత చక్రమే కరగి క్రొత్త చక్రమగునని వినినప్పుడు పిల్లల ముఖములు వికసించుట మేము చూచితిమి.

ఇక కొలతలు. అసలు ఇంజను చక్రపు వ్యాసము 1372 మి.మీ.; 76.2చే భాగింపగా నమూనాకు 18 మి.మీ. వచ్చును. 19 మి.మీ. చక్రము వేసినచో వేగము నూటికి అయిదుకు మించి పెరిగి, లాగుబలము తగ్గును. మా పాత చక్రముల గట్టు 1.2 మి.మీ. లోతున్నది, అసలు బండిలో అది 91 మి.మీ. అగును! మన రైళ్ల క్రొత్త చక్రమునకు ఈ గట్టు 28.5 మి.మీ. మాత్రమే. పట్టాల ఎడము 16.5 మి.మీ.; హెచ్చవేసిన 1257 మి.మీ. వచ్చును. బ్రిటనులో అసలు ఎడము 1435 మి.మీ. గనుక, అచ్చటి కొందరు అభిమానులు 18.83 మి.మీ. ఎడమునకు చక్రములను మార్చుకొందురు. మన 1676 మి.మీ. పట్టాలకైతే 22 మి.మీ. కావలెను. అట్లు చేసినచో పట్టాలన్నియు మరల వేయవలసివచ్చును. బడికి అంత పట్టుదల అనవసరమని మా అభిప్రాయము. ఎడము మార్చక, పలుచని గట్టుగల లోహచక్రములను, వాని లోపలి ముఖములమధ్య 14.5 మి.మీ. ఉండునట్లు అమర్చిన చాలును.

బిగించునప్పుడు మూడు జాగ్రత్తలు వలయును. ఇంజనుకు విద్యుత్తు ఒక పట్టానుండి వచ్చి రెండవదానిగుండా తిరిగి పోవును. కావున ప్రతి జతలో ఒక చక్రమునకు ఇరుసువద్ద విద్యుద్బంధకము ఉండును. ఆ బంధకపు చక్రములన్నియు ఒకేవైపు రావలెను. ఒక్క జత తారుమారైనను షార్టు సర్క్యూటు అగును. పట్టాపై పెట్టకముందే మల్టీమీటరుతో చూచుకొనవలెను.

రెండవది కడ్డీల సంగతి. ఒకవైపు కడ్డీ పైకొననుండగా రెండవవైపుది పావుచుట్టు ముందుండవలెను. ఒకవైపు కడ్డీ త్రోయలేని స్థితిలో నిలిచినప్పుడు రెండవవైపుది త్రోయును. ఈ కోణము సరిగా 90 అంశలు ఉండుటకన్న, మూడు ఇరుసులకును ఒక్కటిగా ఉండుట ముఖ్యము. తేడా వచ్చినచో ఇంజను కుంటును.

మూడవది, ఆరు చక్రములకును తాకునట్లు సన్నని కంచు తీగెలను అమర్చుట. పొట్టి ఇంజనులో రెండు మూడు చక్రములే విద్యుత్తును గ్రహించినచో, చీలికవద్దనుండు ప్లాస్టికు భాగముపై అవి చేరగానే ఇంజను ఆగును. మా ఇంజను ఆగుచుండుటకు పూత అరుగుటతోపాటు ఇదియును కారణమని విప్పి చూచిన పిల్లలే కనిపెట్టిరి.

మోటారును కలుపకముందు ఇంజనును కొద్ది వాలులో వదలి చూడవలెను. తడబడక దొర్లినచో కోణములు సరియైనవి. తరువాత అత్యల్ప వేగమున చీలికను పదిమారులు ఇటునటు దాటింపవలెను. ఆగిన ప్రతిసారి ఏ చక్రము ఎచ్చటనున్నదో పిల్లలు పుస్తకములో గుర్తించుకొందురు. ఇంటిలో భూతద్దముగాని, వెర్నియరు కాలిపర్సుగాని ఉన్న తల్లిదండ్రులు ఈ పని జరుగు దినములకు ఎరువిచ్చి తోడ్పడవలెనని కోరుచున్నాము.