బైబిల్‌కి మనం పూర్వపక్షం ఎందుకు రాయం?

ఈ వారం వీడియోలో శరణాగతి గురించి చెప్తూ క్రైస్తవం ప్రస్తావన రెండు నిమిషాల్లో ముగించేశాను. అది రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దర్శనాల్లో ఒక పద్ధతి ఉంది. ఎదుటివాళ్ల మతాన్ని ఖండించే ముందు దాన్ని పూర్వపక్షంగా చెప్పాలి. అది కూడా వాళ్లు విని "అవును, మేం చెప్పేది ఇదే" అనేలా చెప్పాలి. 14వ శతాబ్దపు 'సర్వదర్శన సంగ్రహం' చూడండి. మాధవాచార్యులు రాసిన పుస్తకం (ద్వైతం చెప్పిన మధ్వాచార్యులు కాదు, ఈ ఇద్దరి పేర్లూ ఎప్పుడూ కలిసిపోతుంటాయి). అది మొదలయ్యేదే చార్వాకంతో. దేవుడూ లేడు, పరలోకమూ లేదు అనేవాళ్ల వాదాన్ని ఒక అద్వైతి అంత ఓపికగా రాశారు. ఆ తర్వాత బౌద్ధం, జైనం, ఇలా వరసగా 16 దర్శనాలు. కానీ క్రైస్తవం దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతి మనకి గుర్తుండదు. మనలో చాలామందికి తెలిసిందల్లా వాట్సాప్ ఫార్వర్డులు, మతమార్పిడి గొడవలు, డిసెంబర్‌లో ఆఫీసులో పంచే ప్లమ్ కేకు.

నాకు ఇది పుస్తకాల దగ్గర మొదలవలేదు. మా చిన్నాన్న కూతురు కొన్ని నెలలుగా ఫ్రెండ్‌తో చర్చికి వెళ్తోంది. ఇంట్లో తెలిసిపోయింది. పిన్ని ఒకటే ఏడుపు, చిన్నాన్న అయితే దానితో మాట్లాడటమే మానేశారు. "నువ్వు ఇవన్నీ చెప్తుంటావుగా, నువ్వైతే వింటుందిరా" అని నన్ను పంపించారు. అది అడిగింది ఒక్కటే: "అన్నయ్యా, అసలు నువ్వు చదివావా?" కొండమీద ప్రసంగం తప్ప చదవలేదన్నాను. "మిగతాది కూడా చదివి రా, అప్పుడు మాట్లాడుకుందాం" అంది. న్యాయమైన షరతే. నాలుగు సువార్తలు, రోమీయులకు పౌలు రాసిన పత్రిక, రోజూ మెట్రోలో కొంచెం కొంచెంగా రెండు నెలలు చదివాను.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు మనకి ఉన్నారు. రామ్మోహన్ రాయ్ 1820లో యేసు బోధల్ని మాత్రమే ఏరి, అద్భుతాలు పక్కనపెట్టి ఒక పుస్తకం వేశారు. మెచ్చుకుంటారనుకుంటాం కదా? శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. బోధలు మాత్రం తీసుకుని, ఆయన దైవత్వాన్నీ సిలువనీ వదిలేస్తే అది క్రైస్తవమే కాదన్నది ఆయన వాదం. ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి రాతపూర్వక చర్చ నడిచింది. గాంధీగారైతే పాత నిబంధన చదువుతుంటే నిద్రొచ్చేదనీ, సంఖ్యాకాండం అసలు నచ్చలేదనీ ఆత్మకథలో దాచకుండా రాసేశారు. కొండమీద ప్రసంగం మాత్రం నేరుగా మనసుకి తగిలిందన్నారు, గీతతో పోల్చుకున్నారు. రామకృష్ణ పరమహంస 1874 ప్రాంతంలో బైబిల్ చదివించుకుని విన్నారు, మూడు రోజులు ఆ భావంలోనే ఉండిపోయారని జీవితచరిత్రలు చెప్తాయి. బేలూరు మఠంలో క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఇప్పటికీ యేసుకి ఆరాధన చేస్తారు.

నన్ను బాగా ఆపేసింది కృప గురించిన చర్చ. శ్రీవైష్ణవంలో కోతిపిల్ల, పిల్లిపిల్ల పోలిక తెలుసుగా. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి. పిల్లిపిల్లకి ఆ పనీ లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మొదటిది వడగలై వాళ్ల పక్షం, రెండోది తెంగలై వాళ్లది. ఇప్పుడు యూరప్‌కి వెళ్దాం. 1517లో మార్టిన్ లూథర్ లేవదీసిన వివాదం పెరిగి పెరిగి చేరింది దాదాపు ఈ ప్రశ్న దగ్గరికే. మనిషి చేసే పనులకి రక్షణలో వాటా ఉందా, లేక అంతా దేవుడి కృపేనా? ఈ విషయం మీద లూథరన్లు, కాథలిక్కులు కలిసి ఉమ్మడి ప్రకటన చేసింది 1999లో! నాలుగు వందల ఎనభై ఏళ్లు పట్టింది. "క్రైస్తవులంతా ఒకటే మాట" అనుకునేవాళ్లు ఈ ఒక్క చరిత్ర చదివితే చాలు.

అలాగని "అన్ని మతాలూ ఒకటే చెప్తాయి" అనడం కూడా నాకు బద్ధకంగానే అనిపిస్తుంది. అది వినకుండానే ఒప్పేసుకోవడం. గీత నాలుగో అధ్యాయంలో భగవంతుడు ప్రతి యుగంలోనూ వస్తానంటాడు. క్రైస్తవం, ఒక్కసారే వచ్చాడు, ఫలానా కాలంలో, ఫలానా ఊళ్లో, అంటుంది. పూజగదిలో ఇంకో పటం పెట్టుకోవడం మనకి తేలిక. కానీ ఆ పటంలోని ఆయన్ని నమ్మేవాళ్లకి మిగతా పటాలతో కలిపి పెట్టడమే అసలు సమస్య. అద్వైతంలో మూలరోగం అజ్ఞానం, మందు జ్ఞానం. అక్కడ రోగం పాపం, మందు క్షమాపణ. రోగనిర్ధారణే వేరైనప్పుడు మందు ఒకటెలా అవుతుంది? ఇక ఒకే జన్మ, దానిమీదే శాశ్వత తీర్పు అన్నది ఎంత చదివినా నా బుద్ధికి ఎక్కలేదు. కర్మ సిద్ధాంతమే నాకు సబబుగా తోస్తుంది. ఈ మాట చెల్లికి కూడా చెప్పాను.

అది వాదించలేదు. "అన్నయ్యా, నేను సిద్ధాంతం చూసి వెళ్లలేదు. ఉద్యోగం పోయిన నెలలో వాళ్లు రూమ్‌కి వచ్చి నాతో కూర్చున్నారు. మనవాళ్లు ఫోన్ చేసి ఇంకో కంపెనీలో ప్యాకేజీ ఎంత ఇస్తారని అడిగారు" అంది. దీనికి ఏ భాష్యంలోనూ నాకు సమాధానం దొరకలేదు. చిన్నాన్నకి ఈ మాట యథాతథంగా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం దానికి ఫోన్ చేశారట. అది చర్చికి వెళ్తూనే ఉంది, వరలక్ష్మీ వ్రతానికి ఇంటికీ వచ్చింది. ఏం నిర్ణయించుకుంటుందో అది దాని ఇష్టం. రోగం తగ్గుతుందని ఆశపెట్టి మతంలోకి లాగినా, ఇంట్లోంచి గెంటేస్తామని బెదిరించి ఆపినా నా దృష్టిలో రెండూ ఒకటే తప్పు.

మీరూ చదవాలనుకుంటే మార్కు సువార్తతో మొదలుపెట్టండి. నాలుగింటిలో చిన్నది, 16 అధ్యాయాలే. తర్వాత మత్తయి 5 నుంచి 7 వరకు. పౌలు పత్రికలు కొంచెం కష్టం, వాటికి తెలిసినవాళ్ల సాయం తీసుకోండి. పక్కనే ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎడమవైపు వాళ్లేమంటున్నారో, కుడివైపు మీకేమనిపించిందో రాయండి. ఎడమవైపు రాసింది ఒక క్రైస్తవ మిత్రుడికి చూపించి, సరిగ్గా రాశారో లేదో కనుక్కోండి. కుడివైపు పేజీ అప్పుడే చూపించక్కర్లేదు.