సోమవారం నాటి ఆయాసం



ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. "ఫాదరుగారూ, మా ఆయన జిన్నింగు మిల్లులో పని చేస్తాడు. సోమవారం వచ్చిందంటే ఛాతీ బిగపట్టి ఆయాసపడతాడు. మేస్త్రీకి చెప్పమంటే చెప్పడు. చెబితే రేపటినుంచి రావద్దంటారని భయం" అని కళ్లు తుడుచుకుంది. ఈ వారం మన పాఠం ఆమె మాటల్లోనే ఉంది.

సోమవారమే ఎందుకు? పత్తి దుమ్మువల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును వైద్యులు బిస్సినోసిస్ అంటారు. ఇది స్పిన్నింగు మిల్లుల్లో ఎక్కువగా, జిన్నింగు మిల్లుల్లో కొంతగా కనబడుతుంది. సెలవు తర్వాత తిరిగి దుమ్ములోకి వెళ్లిన మొదటి రోజున ఛాతీ పట్టేయడం దీని తొలి గుర్తు. ఆ దశలోనే దుమ్ముకు దూరమైతే తగ్గుతుంది. ఏళ్ల తరబడి అందులోనే ఉంటే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బ తింటాయి. పొగ తాగేవారికి ముప్పు మరీ ఎక్కువ. ప్రతి ఆయాసమూ ఇదే జబ్బు కాకపోవచ్చు, అది డాక్టరు తేల్చవలసిన మాట. కాని జబ్బును దాచిపెట్టినవాడు డాక్టరు దగ్గరకు ఎలా వెళతాడు?

చట్టం లేదా అని అడుగుతారు. ఉంది. ఇ.ఎస్.ఐ. కింద నమోదైన కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అందే ఏర్పాటు చేశారు. క్షయ, కేన్సరు వంటి దీర్ఘవ్యాధులకు మరింత కాలం, 80 శాతం. అయితే 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం పత్తి జిన్నింగును సీజను ఫ్యాక్టరీగా లెక్కించి పరిధి బయటే ఉంచింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా సీజను ఫ్యాక్టరీలను మినహాయించింది. అంటే దూదిని దారం చేసేవాడికి ఉన్న ఆసరా, గింజనుంచి దూదిని వేరు చేసేవాడికి లేదు. మన సత్తెనపల్లి ప్రాంతంలో ఈ తేడా ఎన్ని ఇళ్లను తాకుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. చట్టం చేయి అందనిచోట మన మనస్సాక్షే పని చేయాలి.

మనిషి విలువ చేసే పనినిబట్టి వస్తుందా, పని విలువ చేసే మనిషినిబట్టి వస్తుందా? రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1981లో వెలువరించిన "లబోరెం ఎక్సెర్చెన్స్" విశ్వలేఖలో రెండవదే సత్యమని బోధించారు. పూర్తి ఆరోగ్యవంతులకే పనిలో చోటివ్వడం మనిషికి తగని పని అని కూడా అందులో హెచ్చరించారు.

"సీజను నాలుగు నెలలు. జబ్బు మనిషిని పెట్టుకుని లోడ్లు ఎలా దించను?" అని యజమాని అడగవచ్చు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. పని లేకుండా కూలి ఇమ్మని ఎవరూ కోరడం లేదు. దుమ్ములో నిలబడేవాడిని కాటా దగ్గరకో, బేళ్ల లెక్కకో, గేటు కాపలాకో మార్చవచ్చు. షుగరు ఉన్నవాడిని వేళకు భోజనానికి వదలాలి. డయాలసిస్ చేయించుకునేవాడికి షిఫ్టు మార్చుకునే వీలుండాలి. క్షయకు మందులు వాడుతున్నవాడిని డాక్టరు పనికి వెళ్లవచ్చన్నాక తిరిగి చేర్చుకోవాలి. జబ్బు దాచుకుని యంత్రం పక్కన కూలిపోయే మనిషికంటే, చెప్పుకుని వేరే పని చేసే మనిషివల్ల యజమానికే మేలు.

తోటి పనివారికీ ఒక మాట. ఒకరి జబ్బు మీకు తెలిస్తే అది ఆయన సొత్తు. టీ బంకు దగ్గర పంచే కబురు కాదు. ఇక మన బడులు, ఆసుపత్రులు, హాస్టళ్లు కూడా యజమానులే. వంటమనిషికి, ఆయాకు, వాచ్‌మనుకు జబ్బు చేసినప్పుడు మనమేం చేశామో ముందుగా గురువులమైన మేమే ఆత్మశోధన చేసుకోవాలి.

ఈ వారం కుటుంబ ప్రార్థన తర్వాత ఆలోచించండి:

1. మన ఇంట్లో ఎవరైనా పని పోతుందన్న భయంతో జబ్బు దాస్తున్నారా?
2. మన దగ్గర పని చేసేవారు తమ బాధను భయం లేకుండా మనతో చెప్పుకోగలరా?
3. ఒకరి బరువైన పనిని మనలో ఎవరు మార్చుకోగలం?

ఆ తల్లి భర్తను వెంటబెట్టుకుని మేస్త్రీ దగ్గరకు వెళ్లడానికి నేను ఒప్పుకున్నాను. మీ ఇరుగుపొరుగులో అలాంటివారు ఉంటే మీరూ తోడు వెళ్లండి.