జావాలో స్ట్రీమ్‌ల గొలుసు

ఫైలులో ఉండేవి అక్షరాలు కావు, బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అమ్మ’ అనే మాటకు అ, మ, పొల్లు గుర్తు, మ అని 4 సంకేతాలు కావాలి. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 12 బైట్లు. వాటిని తిరిగి ‘అమ్మ’గా చదవడానికి జావాలో స్ట్రీమ్‌లను గొలుసుగా కలుపుతారు.

ముందుగా ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ ఫైలు నుంచి బైట్లను తెస్తుంది. దాన్ని ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్‌కు అందిస్తే, అది బైట్లను అక్షరాలుగా మారుస్తుంది. పైన చేర్చే బఫర్డ్‌రీడర్, ప్రతి అక్షరానికీ ఫైలు దాకా వెళ్లకుండా ఒకేసారి ఎక్కువ సమాచారం తెచ్చుకుని, వరుసల వారీగా ఇస్తుంది.

మధ్య కొలికిలో యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయాలి. 2022లో జావా 18 వచ్చేవరకూ, అలా రాయకపోతే కంప్యూటర్‌లో ముందే ఉన్న సంకేత పద్ధతినే జావా వాడేది. అది వేరేదైతే తెలుగు పిచ్చి గీతలుగా కనిపించేది.

రాసేటప్పుడు గొలుసు దిశ మారుతుంది. బఫర్డ్‌రైటర్‌ను మూయడం మరిస్తే చివరి వరుసలు మెమరీలోనే ఉండిపోయి, ఫైలుకు చేరకుండానే పోవచ్చు. అన్నిటికన్నా పైనున్న స్ట్రీమ్‌ను మూస్తే లోపలివీ మూసుకుంటాయి. 2011లో జావా 7తో వచ్చిన ట్రై-విత్-రిసోర్సెస్, మధ్యలో లోపం తలెత్తినా ఈ పని తానే చేస్తుంది.