వేచియుండగల సొమ్ము: రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా జీవితమునుండి యొక పాఠము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో నేడు ధాన్యపు ధరతోపాటు షేర్ల ధరలుకూడ రచ్చబండలయొద్ద చర్చకు వచ్చుచున్నవి. చేతి ఫోనుతోనే బొంబాయి బజారున కొనుటకు, అమ్ముటకు వీలు కలిగినందున యువకులనేకులు ఆ వంకకు మొగ్గుచున్నారు. ఐదువేల రూపాయలతో మొదలిడి వేలకోట్లకు అధిపతియైన ఝున్‌ఝున్‌వాలా పేరు వారి నోట తరచుగా వినబడును. ఆ చరిత్రమును పూర్తిగా నెరుగనిదే అందు మనకు తగినదేదో, తగనిదేదో తేల్చుకొనజాలము. కావున ఈ మాసపు పాఠమునకు దానిని గైకొంటిమి.

ఆయన జీవితము

రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా 1960 జూలై 5వ తేదీన జన్మించెను. తండ్రి ఆదాయపు పన్ను శాఖలో ఉద్యోగి. ఇంట పెద్దలు షేర్లను గూర్చి మాటలాడుకొనుట విని, ధరలేల మారునని బాలుడడుగగా, దినపత్రికలు చదువుమని తండ్రి చెప్పెనట. చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షలో ఉత్తీర్ణుడైన పిదప కుమారుడు ఈ వ్యాపారమున దిగెదననగా తండ్రి అడ్డుచెప్పలేదు. కాని తననుగాని తన మిత్రులనుగాని సొమ్మడుగరాదని నియమము పెట్టెను.

1985లో 5,000 రూపాయలతో ఆరంభించెను. నాడు సెన్సెక్సు సూచీ 150 ప్రాంతమున నుండెను. 1986లో టాటా టీ షేర్లు 5,000, ఒక్కొక్కటి 43 రూపాయల వంతున కొని, మూడు మాసములలో 143 రూపాయల వంతున అమ్మి 5 లక్షలు గడించెను.

పాఠకులిచ్చట లెక్క వేసి చూడవలెను. 5,000 షేర్లకు 2,15,000 రూపాయలు కావలెను. ఐదువేలు గలవానికి ఇంత సొమ్మెట్లు వచ్చెను? అప్పువలన. బ్యాంకు డిపాజిట్లకంటె హెచ్చు ప్రతిఫల మిచ్చెదనని చెప్పి, సోదరుని వృత్తిద్వారా పరిచయమైనవారియొద్ద సొమ్ము తెచ్చెను. ఐదువేల కథ చెప్పువారు ఈ యప్పు సంగతి విడిచిపెట్టుచుందురు. ధర పెరిగినందున అప్పు తీరినది. తగ్గియున్నచో కథ వేరుగానుండెడిది.

ఆయనకు అధిక కీర్తి తెచ్చినది టైటన్ కంపెనీ. టాటావారును తమిళనాడు ప్రభుత్వ సంస్థయు కలిసి 1984లో స్థాపించిన గడియారముల కంపెనీ యిది. 2002-03 ప్రాంతమున, ధర మిక్కిలి తక్కువగానున్నపుడు ఆ షేర్లు కొని, వానిలో పెద్దభాగమును సుమారు ఇరువది సంవత్సరములు నిలుపుకొనెను. 2022 ఆగస్టు 14న మరణించునాటికిని అవి ఆయన సంపదకు మూలస్తంభముగానుండెను. 2023లో ప్రభుత్వము మరణానంతరము పద్మశ్రీ బిరుద మొసగెను.

మచ్చయు లేకపోలేదు. ఆప్టెక్ షేర్ల విషయమున, బయలుపడని సమాచారముతో వ్యాపారము జరిగినదన్న ఆరోపణపై 2021లో ఆయనయు మరికొందరును, దానిని ఒప్పుకొనకయు కాదనకయు, సెబీకి సొమ్ము చెల్లించి రాజీపడిరి.

మన లెక్క

ఆయన సొమ్మునకు కార్తెలు లేవు. మన సొమ్మునకు కలవు. కాలువకు నీరు విడుచునాటికి నారుమళ్లకు, దమ్మునకు, నాట్లకు రొక్కము చేతనుండవలెను. వరి కోతకు ముందే మినుము చల్లవలెను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినపుడు చేతికి రానున్న వరి నీటిపాలైనది. అట్టి యేట నిలువసొమ్ము లేని రైతు తన షేర్లను ఆ వారము పలికిన ధరకే తెగనమ్ముకొనవలసివచ్చును.

2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్సు అక్టోబరునకు 8,500 ప్రాంతమునకు దిగెను. సూచీతోపాటు తగ్గిన షేర్లలో లక్ష పెట్టినవానికి మిగిలినది 40 వేలే. సూచీ మరల 21,000 చేరినది 2010 నవంబరున. అంతవరకు వేచినవాడు నిలిచెను. నాట్లకై అమ్మినవాడు మునిగెను. సూచీ కోలుకొన్నను, కొన్ని కంపెనీల షేర్లు ఎన్నటికిని కోలుకొనవనియు మరువరాదు.

పంట ఋణమునకు వడ్డీ తక్కువ గనుక దానిని షేర్లలో పెట్టిన లాభమే కదా యని కొందరు తలంతురు. గడువుగల అప్పుతో గడువులేని లాభమునకై కాచుకొనుట కూడదు. ఇంతకన్న అపాయకరమైనవి ఫ్యూచర్సు, ఆప్షన్లు, అనగా రాబోవు ధరమీద గడువుపెట్టి చేయు బేరములు. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారము, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరములలో ఇట్టి బేరములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపడిరి. వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలు మించినది.

సంఘపు వాటాయు కంపెనీ షేరును ఒకటికావు. సంఘపు వాటా బజారులో పెరుగదు, తరుగదు. ఎన్ని వాటాలున్నను సభ్యున కొక్క ఓటే. కంపెనీలో షేరున కొక ఓటు. ధర దినదినము మారును. మొదటిది అక్కరకు ఋణము పొందుటకు, రెండవది మిగులును పెంచుకొనుటకు.

కావున మొదట అప్పు తీర్చుడు. పిదప ఒక యేటి సేద్యమునకు, ఇంటి ఖర్చునకు చాలు సొమ్ము నిలువచేయుడు. అటుపై అయిదేండ్లు ముట్టనక్కరలేని మిగులున్నచో, మీకు తెలిసిన వ్యాపారము చేయు కంపెనీలలో కొంచెము కొంచెముగా పెట్టుడు. ఝున్‌ఝున్‌వాలా అప్పును గాక, ఓరిమిని అనుసరింపుడని మా మనవి.

సంఘ సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

1. మీ యింట అయిదేండ్లు ముట్టనక్కరలేని సొమ్మెంత?

2. తుపాను వచ్చిన యేట మరుసటి పంటకు పెట్టుబడి యెచ్చటనుండి వచ్చును?

3. టాటా టీ షేర్ల ధర 43 నుండి 30 రూపాయలకు తగ్గియున్నచో, ఆయన అప్పు తీరుటకు ఇంకెంత సొమ్ము తక్కువపడెడిది?