రక్తం తుడిచాకే బ్లీచింగ్

ప్రశ్న: మా నర్సింగ్ హోమ్‌లో నేల మీద రక్తం పడితే వెంటనే బ్లీచింగ్ నీళ్లు పోస్తాం. కత్తెరలనూ అందులోనే నానబెడతాం. సరైనదేనా? – ఓ స్టాఫ్ నర్సు, తణుకు

జవాబు: రెండూ మార్చుకోవాలమ్మా. రక్తం, చీము ఉన్నచోట క్లోరిన్ వాటితోనే కలిసి ఖర్చైపోతుంది, క్రిములకు మిగలదు. ముందు గ్లౌజులు తొడుక్కుని, పాత గుడ్డతో రక్తాన్ని అద్ది తీసి పసుపు సంచిలో వేయండి. సబ్బునీళ్లతో కడిగాక 1 శాతం హైపోక్లోరైట్ పోసి, కనీసం 10 నిమిషాలు తడిగా ఉంచండి. చాలామంది పోసిన వెంటనే తుడిచేస్తారు. అక్కడే పని చెడుతుంది. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే లీటరు నీటికి సుమారు 33 గ్రాములు కలపాలి. ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోండి. యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ఆ పని ఎప్పుడూ చేయవద్దు.

కత్తెరలు బ్లీచింగ్‌లో తుప్పు పడతాయి. వాటిని డిటర్జెంట్‌తో, కీలు దగ్గర బ్రష్‌తో రుద్ది కడిగి, ఆరబెట్టి, ఆటోక్లేవ్‌లో పెట్టాలి. స్టెతస్కోపుకు 70 శాతం ఆల్కహాల్ చాలు.

మంచం రెయిలింగులు, తలుపు గడియలు, సెలైన్ స్టాండ్లు రోజూ తుడిపించండి. ఆ తుడిచే ఆయాకు కూడా మంచి గ్లౌజులు ఇప్పించండి.