మనస్సు చెప్పు సాకులు

దినాంతమున ఆత్మపరీక్షకు కూర్చుండు సాధకునకు మొదట జ్ఞప్తికి వచ్చునవి పదిమంది యెదుట తాను పొందిన పరాభవములు. వానినే దోషములుగ నెంచి, ఒప్పుకొని, తృప్తితో లేచుట మనలో పెక్కురకు అలవాటు. మహాత్మాగాంధి 1925 మొదలు 1929 వరకు ‘నవజీవన్’ పత్రికలో ప్రకటించిన ఆత్మకథలోని రెండు ఘట్టములను ప్రక్కప్రక్క నుంచి చదివినచో ఈ అలవాటులోని లోపము తెలియును.

1891లో బారిష్టరై లండను నుండి మరలిన గాంధి, బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తన మొదటి కేసును చేపట్టెను. ఫీజు 30 రూపాయలు. దళారికి కమీషను ఇమ్మనిరి; ఆయన నిరాకరించెను. నెలకు వేలు గడించు న్యాయవాదులును ఇచ్చుచున్నారు గదా యనగా, తనకు 300 చాలుననియు, తన తండ్రియు అంతకు మించి గడింపలేదనియు బదులు చెప్పెను. తీరా సాక్షిని ప్రశ్నింప లేచినపుడు తల తిరిగెను; ఒక్క ప్రశ్నయు తోచలేదు. కేసును వేరొకరి కప్పగించి, ఫీజు తిరిగి తీసికొమ్మని చెప్పి వెడలిపోయెను. ఈ ఘట్టము అందరకును తెలిసినదే.

రెండవది అంతగా ఎవరును తలపనిది. పిమ్మట ఆయన రాజకోట చేరి అర్జీలు వ్రాయుచు నెలకు సుమారు 300 గడించెను. కోరిన మొత్తమే! కాని అది తన సామర్థ్యమువలన గాక, అన్నగారి భాగస్వామియైన వకీలు పలుకుబడివలన వచ్చినదని తానే వ్రాసికొనెను. ఆ వకీలునకు కమీషను ఈయవలసివచ్చెను. అన్నగారి వాదము సమంజసముగనే తోచును: “మన యిద్దరి సంపాదన ఒకే యింటిలోనికి వచ్చును; మరి నా భాగస్వామికి ఏమి మిగులును?” గాంధి లొంగిపోయెను. తరువాత దానిని పరిస్థితుల ప్రభావమని సరిపెట్టుకొనక, ఆత్మవంచనయనియే పేర్కొనెను.

కోర్టులో తల తిరుగుట భయము. అది లోపమే గాని పాపము గాదు. రాజకోటలో ఎవరును నవ్వలేదు, ఎవరును నిందింపలేదు. పైగా సోదరప్రేమయు, లోకాచారమును అండగా నిలిచినవి. దోషము ధర్మము వేషము వేసికొని వచ్చినపుడు దానిని గుర్తించుట మిక్కిలి కష్టము. కావున చేసిన పనిని మాత్రమే గాక, అపుడు మనస్సు చెప్పిన కారణమును గూడ వ్రాసి చూచుకొనవలెను.

ఇది చదివిన రాత్రి నేను నా పాత దినచర్య పుస్తకమును తిరుగవేసితిని. ఒకప్పుడు పై యధికారి మాట కాదనలేక, చూడని పనిని చూచినట్లు చేవ్రాలు చేసితిని. ఆనాటి పుటలో, సభయందు మాట తడబడి సిగ్గుపడితినని నాలుగు పంక్తులున్నవి. చేవ్రాలు సంగతి లేదు.