ధ్రువుని ఉక్రోషము – సునీతి ఒడి

శ్రీమద్భాగవత చతుర్థ స్కంధమునందలి ధ్రువోపాఖ్యానమును మన యిండ్లలో తపోమహిమను తెలియుటకై చదువుదురు. ఐదేండ్ల బాలుడు అడవికేగి శ్రీహరిని ప్రత్యక్షము చేసికొనెనను అద్భుతము మనలను అంతగా ఆకర్షించుటచేత, దానికి ముందు ఒక్క పూటలో ఆ పసివాని మనస్సున జరిగినదానిపై మన దృష్టి నిలువదు. బిడ్డలను పెంచువారు మొదట చదువవలసినది ఆ భాగమేయని నా అభిప్రాయము.

ఉత్తానపాద మహారాజు సురుచి కుమారుడైన ఉత్తముని ఒడిలో నుంచుకొని లాలించుచుండగా ధ్రువుడును ఎక్కబోయెను. తండ్రి ఆదరింపలేదు. తన కడుపున పుట్టనివానికి ఆ స్థానము దక్కదని సురుచి రాజు వినుచుండగనే పలికెను. దెబ్బతిన్న పామువలె బుసకొట్టుచు, ఏడ్చుచు, బాలుడు తల్లికడకు పోయెను. కటువుగా పలికినది సవతితల్లియే. కాని తండ్రి చూచుచునే నోరు మెదపలేదని వ్యాసభగవానుడు ప్రత్యేకించి చెప్పుచున్నాడు. పిల్లల కోపమును విచారించునపుడు పలికినవారినే గాక పలుకక యూరకున్నవారిని గూడ లెక్కింపవలెను.

ఆ పసివానికి కలిగినదానిని ఏమని పిలువవలెను? అమరసింహుడు కోప, క్రోధ, అమర్ష, రోష శబ్దములను పర్యాయములుగా కూర్చెను. పాఠశాలలో మేమును అట్లే వల్లించితిమి. భరతముని మాత్రము వీనిని వేరు చేసెను. ఆయన చెప్పిన 8 స్థాయిభావములలో క్రోధ మొకటి. 33 వ్యభిచారిభావములలో అమర్ష మొకటి. విద్యచేతను, ఐశ్వర్యముచేతను, బలముచేతను తనకంటె అధికులైనవారు అవమానించినపుడు పుట్టునది అమర్షము. పిల్లవానికి ఇంటిలో అందరును అధికులే కదా! కనుక వాని కోపములో చాలవరకు అమర్షమే యుండును. మన తెలుగు తల్లులు దీనిని ఉక్రోషమందురు. అలక వేరు, బెంగ వేరు, జంకు వేరు, చిన్నబుచ్చుకొనుట వేరు. ఎంత చక్కని మాటలు! నేడు వీనికన్నిటికిని బదులుగా ‘మూడ్ బాగాలేదు’ అను ఒక్కమాట వాడుకలోనికి వచ్చినది. “చెల్లిని ఎత్తుకొని నిన్ను ఎత్తుకోలేదని ఉక్రోషం వచ్చిందా నాయనా?” అని అడిగిన తల్లి బిడ్డకు వాని మనస్సును చూపించుచున్నది. పేరు తెలిసినదానిని మరునాడు వాడు నోటితో చెప్పగలడు. తెలియనిదానిని పలక విసరి చెప్పును.

సునీతి యేమి చేసెను? విష్ణుపురాణము ప్రథమాంశములో ఈ కథ మరల వచ్చుచున్నది. అందు ఆమె పెదవులదరుచున్న కుమారుని మొదట ఒడిలోనికి తీసికొని, ఆ తరువాతనే కోపకారణ మడిగెను. ఈ క్రమము గమనింపదగినది. భాగవతములోని సునీతి జరిగినది ఇతరులవలన విని తానును కన్నీరు పెట్టుకొనెను. బిడ్డయెదుట తన దుఃఖమును దాచలేదు. సురుచిని తిట్టను లేదు. పరులకు కీడు తలపవద్దనెను. తాను రాజునకు అప్రియురాలనను సత్యమును గూడ చెప్పెను. “ఏమీ జరగలేదు, ఊరుకో” అనలేదు.

మనమో! తిరుమల కల్యాణకట్టలో కత్తిని చూచి బెదరిన పసివానితో “ఏమీ కాదు” అని చెప్పి, మరుక్షణమే చేతులు కాళ్ళు అదిమి పట్టుదుము. నీళ్ళు చల్లగా తగులును, కత్తి గరగరలాడును, కాసేపు కదలరాదు, నేను నిన్ను పట్టుకొని యుందునని ముందుగా చెప్పినచో వాని భయము పోకపోవచ్చును. కాని మన మాటపై నమ్మకము నిలుచును.

తల్లి ఓదార్పు పలుకులు, గుండె చీలియున్న తనకు నిలుచుట లేదని ధ్రువుడు విష్ణుపురాణములో తల్లితోనే చెప్పెను. భాగవతములో ఇట్టి మాటనే నారదునితో ననెను. “ఎదురు చెప్పుచున్నావా?” అని ఆ ఇరువురిలో ఎవరును గద్దింపలేదు. దేవర్షి మొదట వాని శిరస్సు నిమిరి మానావమానములను గూర్చి, సంతోషమును గూర్చి బోధించెను. అది బాలునికి ఎక్కలేదని తెలియగానే బోధను మార్చెను. ఐదేండ్లవానికి వైరాగ్యము బోధించు నావంటి వృద్ధులు ఇచట నారదుని జూచి నేర్చుకొనవలెను. యమునాతీరమున మధువనము, మూడు వేళల స్నానము, ఆసనము, మెల్లగా ప్రాణాయామము, పిమ్మట హరి రూపధ్యానము, ద్వాదశాక్షరి – ఇది నారదుడిచ్చిన మార్గము. ముందు దేహము, తరువాత శ్వాస, ఆ పిమ్మట మనస్సు. ఇంటిలోనైనను ఉక్రోషముతో నున్న బిడ్డకు ముఖము కడిగి, మంచినీరిచ్చి, ప్రక్కన కూర్చుండి, ఊపిరి నెమ్మదించువరకు హితబోధ నాపవలెను. కొందరు శిక్షగా పూజగదిలో కూర్చుండబెట్టుదురు. ఇది ఎంతమాత్రము తగదు. స్వామి సన్నిధి బిడ్డకు చెరసాలగా తోచరాదు.

ధ్రువునకు తల్లి ఒడి యున్నది. అందరకును అట్లు దొరకదు. 2019లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత ఇరువదిమంది వరకు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసినవి. కారణము లొక్కొక్కరివి వేరు. కడుపుకోత పడినవారిని నిందింపరాదు. కాని ఫలితముల దినమున పదిమందిలో మరియొక బిడ్డతో పోల్చి పలుకువారు ప్రతి ఇంటికిని వత్తురు. ఆ క్షణమున తండ్రి ఉత్తానపాదునివలె ఊరకుండరాదు. బిడ్డ తిండి, నిద్ర మాని దినముల తరబడి కుములుచున్నను, చావు మాట యెత్తినను వెంటనే వైద్యునికడకు కొనిపోవలెను. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ సంఖ్య 14416కు ఫోను చేయవచ్చును. ఇందు భక్తికి లోటేమియు లేదు.

ఒకమారు చల్లారిన కోపము మరల రాదనియు తలపరాదు. హరిని దర్శించి వచ్చి, సురుచికి గూడ నమస్కరించి, ఆమె కౌగిట చేరిన ధ్రువుడే, పెద్దవాడై రాజ్యమేలుచు, తమ్ముడైన ఉత్తముని ఒక యక్షుడు చంపెనని విని అలకాపురిపై దండెత్తి అనేక యక్షులను సంహరించెను. అపుడు తాతయైన స్వాయంభువ మనువు స్వయముగా యుద్ధభూమికి వచ్చి, ఒక్కని తప్పునకు ఇందరిని చంపుట తగదని నచ్చజెప్పెను. ధ్రువుడు విల్లు దించెను. కుబేరుడు సంతోషించి వరము కోరుకొమ్మనగా, హరిస్మరణ చెదరకుండుటయే కోరెను.